మోకాల్లో ఇంజెక్షన్ చేయించుకుని నాలుగు నెలలయ్యింది, ఇప్పుడు రాస్తున్నాను

చేయించుకున్న రోజు సాయంత్రమే రాసుంటే తిడుతూ రాసేదాన్ని. వారానికి రాసుంటే దణ్ణం పెడుతూ రాసేదాన్ని. రెండూ సగం సగం నిజమేనండి. అందుకే నాలుగు నెలలు ఆగేను. మోకాలి నొప్పితో ఇంజెక్షన్ చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడే వాళ్ళు మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు. వాళ్ళకి నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి రాజమండ్రిలోది. పేరు మాత్రం రాయను. అందులో మంచీ ఉంది, బాగాలేనివీ ఉన్నాయి.

మాది ఆత్రేయపురం పక్కన పల్లె. నాకు 56 ఏళ్ళు. 31 ఏళ్ళుగా పూతరేకులు తీస్తున్నాను. షుగరు 9 ఏళ్ళ నుంచి ఉంది, మాత్రలు వాడతాను. అరిగింది కుడి మోకాలు.

రేకు తియ్యడం చూడని వాళ్ళకి నా మోకాలి సంగతి అర్థం కాదు కాబట్టి అది చెబుతాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి లాగితే రేకు లేస్తుంది. ఒక చెయ్యి గుడ్డ మీద, ఇంకో చెయ్యి రేకు మీద, మధ్య మధ్యలో ఆకు ఎగదొయ్యాలి. కూర్చునేది జానెడు ఎత్తు పీట మీద. కుడి కాలు మడుచుకుని, ఎడమ కాలు చాపుకుని. పొద్దున్న 6 గంటలకి కూర్చుంటే 11 దాకా లేవం, ఎందుకంటే లేస్తే మంట పోతుంది, మంట పోతే కుండ వేడి పోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. మా ఇంటికి ఆర్డర్లు పెరిగేయి, నేను పీట మీద కూర్చునే గంటలూ పెరిగేయి.

మొదట్లో పీట మీంచి లేచేటప్పుడే పోటు. తర్వాత పొద్దున్నే మంచం దిగితే కాలు దుంగలా బిగుసుకుపోయేది, పావుగంట అటూ ఇటూ తిరిగితే గానీ వంగేది కాదు. గోడ పట్టుకుని లేవడం అలవాటైపోయి, కుండ పక్క గోడ మీద నా చెయ్యి పడే చోట సున్నం అరిగి నల్లమచ్చ పడింది. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. మూడు శనివారాలు వెళ్ళి, నాలుగోసారి ప్రదక్షిణల మధ్యలో కూలబడి ఏడ్చేను.

ఇది నాకు మొదటి ఇంజెక్షన్ కాదండి. రెండేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో చిన్న ఆసుపత్రిలో ఒకటి చేయించుకున్నాను. అది చెప్పకపోతే దీని మంచి తెలియదు. అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, దూదితో తుడిచి, గుచ్చేసి పంపించేరు. షుగరుందా అని అడగలేదు. చెప్పాలని నాకూ తెలియదు. మూడో రోజుకి నోరు ఎండిపోవడం, రాత్రి ఆరేడు సార్లు లేవడం. నాలుగో రోజు పరీక్ష చేయిస్తే షుగరు 386. ఇంటాయన నా మీద అరిచేరు, స్వీట్లు చేసే చేత్తో నోట్లో వేసుకున్నావు కదూ అని. నేను ఒక్క ముక్క ముట్టలేదు. ఆ మాట నాకు మోకాలి నొప్పికన్నా ఎక్కువ తగిలింది. మా అమ్మాయి ఫార్మసీ చదువుకుని రావులపాలెంలో మందుల షాపులో పనిచేస్తుంది. అది వచ్చి కాగితం చూసి, "అమ్మా, నీకిచ్చింది స్టెరాయిడ్. షుగరున్న వాళ్ళకి కొన్నాళ్ళు పెరుగుతుంది, ముందే చెప్పాలి వాళ్ళు" అంది. ఆ మాట విన్నాక మావారు నా మొహం చూడలేకపోయారు. ఆ దెబ్బకి రెండేళ్ళు ఇంజెక్షన్ మాటెత్తలేదు.

ఆ రెండేళ్ళూ ఏం చేసేను? నొప్పి బిళ్ళలు మింగేను. అమ్మాయి వద్దని మొత్తుకునేది, అవి రోజూ మింగితే కిడ్నీలకి చేటు, నీకు షుగరు కూడా ఉంది అని. ఊళ్ళో తుంటికి వేసే నొప్పి సూదులు కూడా వేయించుకున్నాను. ఒక రోజు పనిచేసేవి, రెండో రోజు మామూలే.

ఈసారి అమ్మాయే తీసుకెళ్ళింది. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కి, పిచ్చుకలంక దాటి ధవళేశ్వరంలో దిగేదాకా నాకు గుండె దడే. ఆసుపత్రికి చేరేసరికి 9 అయ్యింది. మా నంబరు పిలిచేసరికి పన్నెండుంబావు. మూడు గంటలు ఇనప కుర్చీలో కూర్చోవడం మోకాళ్ళ రోగులకి ఎంత కష్టమో వాళ్ళు ఆలోచించాలి.

డాక్టరు గారు మాత్రం తొందరపడలేదు. పొద్దున్నే బిగుసుకుపోవడం ఎంతసేపుంటుందని అడిగేరు. పావుగంట అన్నాను. గంటా రెండు గంటలుండి, చేతి వేళ్ళు కూడా వాస్తే అది వేరే జబ్బు, కీళ్ళవాతం, దానికి వేరే వైద్యం అన్నారు. నిలబెట్టి ఎక్స్‌రే తీయించేరు. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగ్గా కనపడదట, ఒంటి బరువు మోకాలి మీద పడాలట. పాత ఎక్స్‌రేలు రెండూ పడుకోబెట్టి తీసినవే. నాలుగు మెట్లలో నాది మూడో మెట్టు అరుగుదల అని ఫిల్ము మీద వేలు పెట్టి చూపించేరు.

తర్వాత చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "అమ్మా, ఈ స్టెరాయిడ్ మందు వాపుని అణుస్తుంది. అరిగిన గుజ్జుని తిరిగి పుట్టించదు. కొన్ని వారాలు, అదృష్టం బాగుంటే మూడు నెలలు సుఖంగా ఉంటుంది. ఆ రోజుల్లో మీరు తొడ కండకి బలం తెచ్చుకుంటే పనికొస్తుంది. ఊరికే ఉంటే మళ్ళీ ఇక్కడికే వస్తారు." ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదండి. తగ్గిపోతుంది, తగ్గిపోతుంది అనేవాళ్ళనే చూసేను.

షుగరు సంగతి ఆయనే ఎత్తేరు. మూడు నెలల సగటు పరీక్ష రిపోర్టు చూసి, వారం రోజులు ఇంట్లో రెండు పూటలా చూసుకుని రాసుకోమన్నారు. 300 దాటితే ఫోను చెయ్యమన్నారు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నానా, ఒంటి మీద పుండుందా, జ్వరం వచ్చిందా, మోకాలి మార్పిడి ఆపరేషన్ ఆలోచన ఉందా అని అడిగేరు. చివరిది ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంజెక్షన్ అయ్యాక మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే లోపల చీము పట్టే ప్రమాదం పెరుగుతుందట. ఎవరైనా ఆపరేషన్‌కి తేదీ పెట్టుకుని, ఈలోగా ఓర్చుకోలేక ఇంజెక్షన్ చేయించుకుందామనుకుంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి కూడా ఊరుకోలేదు. 2017లో అమెరికాలో అచ్చయిన పరిశోధన ఒకటి చదివిందట. మోకాళ్ళు అరిగిన 140 మందిలో సగం మందికి రెండేళ్ళ పాటు 12 వారాలకొకసారి ఇదే మందు, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్ళు ఇచ్చేరట. రెండేళ్ళయ్యాక నొప్పిలో పెద్ద తేడా లేదు గానీ, మందు తీసుకున్న వాళ్ళకి గుజ్జు ఇంకాస్త ఎక్కువ తరిగిందట. అది అడిగితే డాక్టరు గారు చిరాకు పడకుండా, నిజమే అన్నారు. అందుకే ఒక మోకాలికి ఏడాదిలో మూడు నాలుగుకి మించి చెయ్యరని, తన లెక్కలో నాకు ఏడాదికి రెండే ఎక్కువని, వాయిదాల్లాగా మూడు నెలలకోసారి రావద్దని చెప్పేరు. తన దగ్గరికి రావద్దని చెప్పే డాక్టర్ని నేను అప్పుడే చూడ్డం.

జెల్లు గురించి కూడా అడిగేను, మా తోడికోడలు అదే చేయించుకుంది కాబట్టి. మోకాల్లో నూనెలా ఉండే జిగురు తగ్గిపోతుంది, దాన్ని బయట నుంచి పోస్తారు. ఆ ఆసుపత్రిలో ఒక్క మోకాలికి 16,000 చెప్పేరు. అందరికీ పనిచేస్తుందని నమ్మకంగా చెప్పలేనని, నా మోకాలికి అంత డబ్బు పెట్టమని చెప్పనని అన్నారు. మా తోడికోడలికి మాత్రం ఆరు నెలలు హాయిగా ఉంది, ఆవిడది నాకంటే తక్కువ అరుగుదల. ఆవిడకి పనిచెయ్యలేదని నేను అనను. నా సొంత రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, అందులోది మోకాల్లోకి ఎక్కించే పద్ధతి ఇంకోటుంది. దాని బోర్డు బయట గోడ నిండా ఉంది గానీ డాక్టరు గారు దాని ఊసెత్తలేదు, నేనూ అడగలేదు.

ఇంజెక్షన్ గది చల్లగా, శుభ్రంగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టేరు. ఎర్రమందు మూడుసార్లు పూసి ఆరనిచ్చేరు. చేతులకి కొత్త తొడుగులు, మొహానికి గుడ్డ. స్కానింగు పరికరం ఆనించి తెర మీద చూస్తూ చిప్ప పక్క నుంచి సూది దించేరు. చురుక్కుమంది, తర్వాత లోపలేదో నిండుతున్నట్టు బరువు. అంతే. రెండేళ్ళ కిందటి దానికీ దీనికీ గుచ్చడంలోనే తేడా తెలిసింది, అప్పుడు ఎముకకి తగిలి ప్రాణం పోయింది.

ముందు లోపలున్న నీరు తీసేరు. పెద్ద సిరంజికి ముప్పాతిక వచ్చింది. కరిగిన ఆవు నెయ్యి రంగులో, అవతలి వేలు కనపడేంత తేటగా ఉంది. తేటగా ఉంది కాబట్టి మందు వేస్తానని, మబ్బుగా ఉంటే పరీక్షకి పంపి ఈవేళ ఆపేసేవాణ్ణని చెప్పేరు. అంత నీరు నా మోకాల్లో మోస్తూ తిరిగేనా అనిపించింది. తర్వాత సూది కదపకుండా సిరంజి మార్చేరు. మందు చిన్న సీసాలో తెల్లగా ఉంది, అచ్చం మా పిండి నీళ్ళే. నిలవుంచితే అడుగున పేరుకుంటుందట, అందుకని నర్సమ్మ సీసాని బాగా ఊపి తీసింది. మేమూ అంతే కదా, పిండిని కలియబెట్టకుండా గుడ్డ ముంచితే రేకు చిల్లులు పడుతుంది. ఆ ఊపడం చూసేక నాకు ధైర్యం వచ్చింది.

మొత్తం ఖర్చు ఇది: చూసినందుకు 500, ఎక్స్‌రే 700, స్కానింగుతో కలిపి ఇంజెక్షన్‌కి 2,800. రసీదు ఇచ్చేరు, మందు పేరు, మోతాదు రాసిన కాగితం ఇచ్చేరు. ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్, 40 మిల్లీగ్రాములు. ఆ కాగితం పారెయ్యకండి. ఇంకో చోటికి వెళ్తే ఎప్పుడు, ఏది, ఎంత వేసేరో తెలియాలి. పాత ఆసుపత్రిలో నాకు అది ఇవ్వలేదు, మందుల చీటీ చూసి మా అమ్మాయి ఊహించుకోవలసి వచ్చింది.

బయటికొచ్చి నడుస్తుంటే నొప్పి లేదు! మెట్లు దిగేను. బస్సెక్కేను. బ్యారేజీ మీద గోదావరి చూస్తూ, వచ్చే శనివారం వాడపల్లి వెళ్ళిపోదామనుకున్నాను. అది మందులో కలిపిన తిమ్మిరి మందు పనండి, కొన్ని గంటలే ఉంటుంది. చెప్పే పంపించేరు గానీ, సంతోషంలో మర్చిపోయాను. రాత్రి 7 అయ్యేసరికి మోకాలు నిప్పుల మీద పెట్టినట్టయ్యింది. పక్క మీద కాలు కదపలేకపోయాను. నర్సమ్మ ఇచ్చిన నంబరుకి ఫోను చేస్తే, ఎర్రబడిందా, జ్వరం ఉందా అని అడిగింది. లేదన్నాను. కొంతమందికి ఒకటి రెండు రోజులు ఇలా రేగుతుంది, గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టుకో, పారాసెటమాల్ వేసుకో అంది. జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రగా కాగిపోయినా, రోజురోజుకీ నొప్పి పెరిగినా, తెల్లారేదాకా ఆగకుండా వచ్చెయ్యమంది. రాత్రి పదింటికి ఫోను ఎత్తి ఓపిగ్గా చెప్పిన ఆ పిల్లకి నేను రుణపడి ఉన్నాను.

రెండు రోజులు కుండ జోలికి పోలేదు. మూడో రోజు పొద్దున్న తేడా తెలిసింది. అయిదో రోజు పీట మీంచి లేచి, గోడ పట్టుకోలేదని నిలబడ్డాక గమనించేను. మావారు కూడా చూసి అదే మాటన్నారు.

షుగరు మాత్రం ఎక్కింది. మామూలుగా నాకు పరగడుపున 140 చుట్టూ ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నం తిన్నాక 312. ఫోను చేసేం. మాత్ర ఎలా సర్దుకోవాలో మా షుగరు డాక్టరుతో మాట్లాడమన్నారు, మాట్లాడేం. నాలుగో రోజు 240, ఏడో రోజుకి మామూలుకొచ్చింది. ఈసారి ఇంట్లో ఎవరూ నన్ను స్వీట్ల గురించి అడగలేదు. పుస్తకంలో అంకెలు రాసి పెట్టేను, మావారే రోజూ అడిగి చూసేవారు. షుగరున్న వాళ్ళు ఇంజెక్షన్‌కి ముందే ఇంట్లో షుగరు చూసే మిషను, దాని పట్టీలు పెట్టుకోండి. ఇది మాత్రం తప్పదు.

వ్యాయామం కాగితం ఇచ్చేరు గానీ అదంతా ఇంగ్లీషు. బొమ్మలు కూడా మసకగా ఉన్నాయి. అమ్మాయి చదివి చెప్పింది. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. రెండోది, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం. మొదటి వారం మూడుసార్లకే ఆయాసం వచ్చింది. ఇప్పుడు పన్నెండు చేస్తున్నాను. గోదారి జిల్లాల్లో ఇంతమంది మోకాళ్ళ రోగులకి వైద్యం చేసేవాళ్ళు ఒక్క తెలుగు కాగితం అచ్చువెయ్యలేరా?

అసలు పెద్ద పని కుండ దగ్గర జరిగింది. మావారు ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, పొయ్యి రెండడుగులు ఎత్తు చేసేరు. ఇప్పుడు నేను పీట వదిలి ఎత్తు స్టూలు మీద కూర్చుంటున్నాను, కాళ్ళు కిందికి వేలాడేసి. మాటల్లో చెప్పినంత సులువు కాలేదండి. మంట ఎత్తుకొచ్చేసరికి పొగ మొహానికి కొట్టింది. గుడ్డ లాగే కోణం మారి పది రోజులు రేకులన్నీ చిరిగేయి. 31 ఏళ్ళ చెయ్యి కొత్త పిల్ల చెయ్యిలాగా వణికింది. ఆర్డర్లు రెండు వదులుకున్నాను. పొయ్యికి వెనక వైపు గొట్టం పెట్టేక పొగ తగ్గింది, మెల్లిగా చెయ్యి కుదిరింది. నొప్పి లేని ఆ వారాలు దొరక్కపోతే ఇది చేసే ఓపిక నాకుండేది కాదు. ఇంజెక్షన్‌కి నేను ఇచ్చే గౌరవం అందుకే.

పదకొండో వారంలో నొప్పి మళ్ళీ తొంగిచూసింది. ఇప్పుడు నాలుగో నెల. మునుపటి నొప్పిలో సగం ఉంది. పొద్దున్న బిగుసుకోవడం అయిదు నిమిషాలకి వదులుతోంది. ఇంకోటి చేయించుకో అని మా ఆడపడుచు పోరుతోంది. నేను ఆగేను. కార్తీకమాసం, సంక్రాంతి ఆర్డర్ల ముందు అవసరమైతే అప్పుడు చూస్తాను. వాడపల్లి ఏడు శనివారాలూ మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టి పూర్తి చేసేను. ఆఖరి శనివారం ఏడు ప్రదక్షిణలూ ఎక్కడా కూర్చోకుండా తిరిగేను.

మందుకీ డాక్టరు గారికీ నర్సమ్మకీ నేను వంక పెట్టను. ఆసుపత్రికి మాత్రం పదికి ఏడు మార్కులే వేస్తాను. ఒకటి మూడు గంటల నిరీక్షణకి తగ్గించేను, ఒకటి ఇంగ్లీషు కాగితానికి. మూడోది మరుగుదొడ్డికి. మోకాళ్ళ వైద్యం చేసే చోట, ఆడవాళ్ళ వైపు ఉన్న రెండూ నేల మీద గొంతుక్కూర్చునేవే, పట్టుకోడానికి గోడకి కడ్డీ కూడా లేదు. ఆ రోజు నా కంటే పెద్దావిడ, డెబ్బై దాటుంటాయి, లోపలికెళ్ళి లేవలేక పిలిస్తే నేనూ అమ్మాయీ వెళ్ళి చెరో రెక్కా పట్టి లేపేం. ఆవిడ సిగ్గుతో మా మొహాలు చూడలేదు. నెలకి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారికే ఈ మాట చెప్పేను, సలహాల పెట్టెలో తెలుగులో రాసి కూడా వేసేను. మళ్ళీ వెళ్ళినప్పుడు ముందు అదే చూస్తాను. మార్చి ఉంటే ఆ మార్కు ఇక్కడ కలుపుతాను.